రెండు గొట్టాలూ ఒకే రంగు

“గ్యాసోడు నిన్న బెల్లు కొట్టినాడంట మా! ఒగసారి కాదు, మూడుసార్లు కొట్టినాడంట. పలికే దిక్కు లేక సిలిండరు ఆటోలో పెట్టుకోని ఎల్లిపాయినాడు,” అని చెంగల్రాయుడు వంటింటి గడపలో నిలబడి తల్లి మీద ఎగిరాడు.

“యాడ కొట్టినాడు? నేను హాల్లోనే గదా పండుకోనుండేది? వాడు వీధి మలుపులో నిలబడి మనసులో కొట్టుకోనుంటాడు,” అంది తిరుమలమ్మ, చింతపండు పిసకడం ఆపకుండా.

“నీకు చెవులు పాయినాయి, ఒప్పుకో.”

“నాకా? రేతిరి నువ్వు ఫ్రిజ్జు తెరిచి పాలకోవా తినింది కూడా ఇనపడిందిరా నాయనా. కోడలి ముందర అనకూడదని నోరు మూసుకోనుండా.”

లోకేశ్వరి నవ్వు ఆపుకుంటూ యూనిఫాం బెల్టు బిగించుకుంది. తల్లీకొడుకుల తగువులో ఇన్‌స్పెక్టరుకు పని లేదని ఆమెకు ఎప్పుడో తెలుసు. అయినా బూట్లు వేసుకునేటప్పుడు చెయ్యి ఊరుకోలేదు. తలుపు తీసి బయటికెళ్ళి బెల్లు నొక్కింది. లోపల ఏ చప్పుడూ లేదు. తలెత్తి మీటరు పక్కనున్న స్విచ్చు చూసింది. ఎవరో దాన్ని కిందికి వేసి ఉంచారు.

“అత్తా, దీన్ని ఎవరు ఆపినారు?”

చింతపండు గిన్నెలో చెయ్యి ఆగింది. “నేనే ఆపితిని మే. మద్యాన్నం కన్ను మూతపడితే చాలు, కొరియరోడు, చందాలోడు, ఎవడో ఒగడు కొడతానే ఉంటాడు. లేసినాక వేద్దామనుకుంటి. మర్సేపోతిని.”

“చూసినావా, చూసినావా!” అని చెంగల్రాయుడు గెలిచినవాడిలా చేతులు ఊపాడు.

లోకేశ్వరి స్విచ్చు పైకి వేసి జీపెక్కింది. ఆ ఉదయం ఆమె మనసంతా లాకప్‌లో ఉన్న ఒక కుర్రవాడి మీద ఉంది. సాయంత్రం కోర్టు ముగిసేలోపు ఏదో ఒకటి తేల్చకపోతే అతన్ని జైలుకు పంపుతారు. హత్య చేశాడన్నది అతని మీదున్న నేరం.

మొన్న సాయంత్రం బైపాస్ రోడ్డు పక్కనున్న ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఆఫ్తాబ్ అనే ఇరవై రెండేళ్ళ పిల్లవాడు చనిపోయాడు. జ్వరం ఊపిరితిత్తులకు ఎక్కి, అవి పూర్తిగా పని మానేస్తే, అతన్ని ఎక్మో అనే యంత్రం మీద పెట్టారు. తొడ దగ్గర నుంచి నెత్తురు బయటికి తీసి, దానికి గాలి పట్టించి, మళ్ళీ ఒంట్లోకి పంపే యంత్రం అది. పిల్లవాడు తేరుకుంటున్నాడని డాక్టర్లే అన్నారు. అంతలో యంత్రానికి గాలి అందక ప్రాణం పోయింది. గాలి నాబు మూసేసి ఉంది, దాని మీద ఉన్నవి ఒక్కరి వేలిముద్రలే. అవి యంత్రం చూసుకునే టెక్నీషియన్ మునిశేఖర్‌వి. వారం కిందట అతను, ఒక్కడి చేత ఇద్దరి పని చేయిస్తున్నారని ఆసుపత్రి వాళ్ళతో గట్టిగా గొడవపడ్డాడు కూడా. ఇన్‌స్పెక్టర్ మునిప్రసాద్‌కు అంతకంటే ఏం కావాలి? మరునాడే పట్టుకొచ్చి లోపల వేశాడు. మునిశేఖర్ భార్య ఎస్పీ గారి కారుకు అడ్డం పడి ఏడిస్తే, ఆయన లోకేశ్వరిని పిలిచి, “కోర్టులో పెట్టేలోపు నువ్వొకసారి చూడమ్మా” అన్నారు.

మునిశేఖర్ గోడవైపు ముఖం పెట్టి కూర్చుని ఉన్నాడు. సత్యవేడు పిల్లవాడు, ముప్పై ఉండవు. కుర్చీ లాగిన చప్పుడుకు లేచి నిలబడ్డాడు.

“కూర్చో. ఆ గాలి నాబు ఎవరు తిప్పినారు?”

“నేనే మేడమ్.”

“ఎప్పుడు?”

“అంతా అయిపోయినాక. డాక్టరు ఇంగ చాలని చెయ్యి ఊపినాడు. గాలి ఆపేసినా. ఎవురు పోయినా మేము చేసేది అదే.”

“ఈ మాట మునిప్రసాద్ గారికి చెప్పినావా?”

“ఆయన అడగలా. నాబు తిప్పింది నువ్వేనా అన్నాడు. నేనే అన్నా. రాసుకున్నాడు.”

లోకేశ్వరికి అనుమానం వచ్చింది. ప్రాణం మీదికొచ్చినవాడు ఇలా మాట్లాడడు. ఒకటికి పది కారణాలు చెబుతాడు, ఇతరుల పేర్లు లాగుతాడు. ఇతను తన తల తానే పళ్ళెంలో పెట్టి ఇస్తున్నాడు.

“నాకు ఆ మిషిను గురించి ఏమీ తెలీదప్పా. మా అత్తకు చెప్పినట్టు చెప్పు.”

అతని ముఖంలో మొదటిసారి కొంచెం కదలిక వచ్చింది. “ఏముండాది మేడమ్. రెండు లావు గొట్టాలు. బయటికి వచ్చే గొట్టంలో నెత్తురు నేరేడు పండు రంగు. గాలి పట్టి లోపలికి పోయే గొట్టంలో దానెమ్మ గింజ రంగు. ఆ తేడా ఉన్నంత సేపు మనిషి ఉన్నట్టే. ఆ పిల్లోడి అమ్మ ఆయిషమ్మకు గూడా అట్లే చెప్పినా. ఆయమ్మ రోజూ కొడుకు మొగం కంటే ముందు గొట్టాలు సూసేది. సూసి, నా దిక్కు తిరిగి తల ఊపేది.”

లోకేశ్వరి కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

“మొన్న నువ్వు పరిగెత్తుకోని వచ్చేసరికి?”

“రెండు గొట్టాలూ ఒకటే రంగు మేడమ్. రెండూ నేరేడు రంగే.”

“అంతకుముందు యాడ ఉండావు?”

“కింద క్యాజువాలిటీలో. బస్సు బోల్తా కొట్టినోళ్ళు వచ్చినారు. అందరినీ రమ్మన్నారు.”

“నువ్వు వచ్చినప్పుడు నాబు తెరిచే ఉండాదా?”

“తెరిచే ఉండాది.”

“నాబు తెరిచి ఉంటే గాలి యాడికి పోయింది మునిశేఖర్?”

అతను మళ్ళీ గోడవైపు తిరిగాడు. “నేను సూసుకోలా. తప్పు నాదే. అట్లే రాసుకోండి.”

“గాలి తగ్గితే రోగి పక్కనున్న మానిటరు గంట మోగాల గదా?”

“మోగలా.”

“ఎందుకు మోగలా?”

“నాకు తెలీదు.”

“ఎవరిని కాపాడుతా ఉండావు నువ్వు?”

“కాపాడాల్సిన మనిషి పోయినాడు గదా మేడమ్,” అన్నాడు మునిశేఖర్ నెమ్మదిగా. ఆ తర్వాత ఎంత అడిగినా నోరు తెరవలేదు.

బయట వేపచెట్టు కింద అతని భార్య కోమలి టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. లోకేశ్వరిని చూడగానే లేచి, చుట్టూ చూసి, జాకెట్లోంచి చేతిరుమాలు మూట తీసింది.

“మొన్న ఇంటికొచ్చి చొక్కా విప్పేసి, దాన్ని ముట్టుకోవద్దన్నాడు మేడమ్. వీళ్ళు తీసకపోయినాక జేబులో చెయ్యి పెట్టినా. ఇది ఉండాది.”

మూటలో చిన్న వెండి తాయెత్తు. దానికి లావుపాటి తెల్లదారం. దారాన్ని కత్తెరతో కత్తిరించారు, కానీ ముడి మాత్రం అట్లే ఉంది.

“మాకు ఇట్లాంటివి లేవు. మేము తిరుమల కొండకు పోయేవాళ్ళం. దీనివల్ల ఆయనకు ఇంగా ఎక్కువ శిక్ష పడతాదేమోనని కాలవలో పారేద్దామని రెండు మాట్లు పోయినా.”

“ఎందుకు పారెయ్యలా?”

“దేవుడి వస్తువు గదా మేడమ్. ఎవరి దేవుడైతే ఏమి.”

జీపులో కూర్చుని లోకేశ్వరి ఆ దారాన్ని వేళ్ళ మధ్య పట్టుకుంది. జారుతుందా అంటే జారదు, మైనం పట్టించిన దారం. ముడిని ఒక వైపుకు లాగితే కదిలింది, ఇంకో వైపుకు ఎంత లాగినా రాలేదు. తాయెత్తు కట్టేవాళ్ళు మామూలుగా వేసే ముడి కాదిది. కత్తిరించిన కొసలు రెండూ కలిపి చూసింది. మనిషి చేతికి పట్టేంత కాదు గదా, చిటికెన వేలికి కూడా బిగుతే.

ఆసుపత్రిలో ఆ గది తలుపుకు మునిప్రసాద్ వేయించిన సీలు ఉంది. సీలు పక్కనే మునిప్రసాదూ ఉన్నాడు. అతని వెనక ఐసీయూ పెద్ద డాక్టరు వరదరాజులు, చేతులు కట్టుకుని.

“ఏమి లోకేశ్వరి గారూ, నేను కట్టిన మూటను విప్పేదానికి వచ్చినారా?”

“గట్టిగా కట్టుంటే నేను విప్పితే మాత్రం ఊడతాదా సార్?”

“ఒప్పుకున్నోడి కేసు ఇది. మీరు అనవసరంగా చెప్పులు అరగదీసుకుంటా ఉండారు.”

“నా చెప్పులే కదా. తలుపు తెరిపించండి.”

మొన్నటి నుంచి ఎవరూ ఏదీ ముట్టుకోకూడదని మునిప్రసాద్ గట్టిగా చెప్పి ఉన్నాడు. ఆ ఒక్క పని మాత్రం అతను సరిగ్గా చేశాడు. మంచం మీద దుప్పటి ఒక పక్కకు జారి అట్లే ఉంది. తలగడ మీద తల పెట్టిన గుంట ఇంకా పోలేదు. యంత్రంలో నెత్తురు ఆగి, గొట్టాల్లో నల్లగా గడ్డకట్టి ఉంది. పిల్లవాడి తల్లి రోజూ చూసి తల ఊపిన గొట్టాలు. లోకేశ్వరి ఒక్క నిమిషం కళ్ళు తిప్పుకుంది.

తర్వాత గోడ నుంచి యంత్రానికి వచ్చే సన్నటి గాలి గొట్టం వెంబడి వేలితో తడుముతూ పోయింది. మంచం కడ్డీకి దగ్గరగా వేలు ఆగింది. మెత్తటి ఆ గొట్టం నడుం నొక్కుకుపోయి, చుట్టూ ఉంగరం పెట్టినట్టు ఓ గాడి. రుమాలు విప్పి, కత్తిరించిన దారాన్ని ఆ గాడిలో పెట్టింది. కొసకు కొస సరిపోయింది.

“సిస్టర్, ఒక సీసాలో నీళ్ళు తెండి.”

నర్సు పంకజాక్షి నీళ్ళు తెచ్చింది. ఆ గొట్టాన్ని ఊడదియ్యకుండా, అలాంటిదే కొత్త గొట్టం ఒకటి తెప్పించి గోడకు తగిలించి, కొసను నీళ్ళలో ముంచి నాబు తిప్పమంది. బుడగలు గలగలా వచ్చాయి. వేరే దారంతో ఆ ముడి ఎలా వేశారో చూసి చూసి, రెండు మూడు సార్లు తప్పి, చివరికి అలాగే వేసింది. బుడగలు వస్తూనే ఉన్నాయి. దారం కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. బుడగలు ఆగిపోయాయి. నాబు మాత్రం పూర్తిగా తెరిచే ఉంది.



“కట్టినప్పుడు వదులుగానే ఉంది. తర్వాత ఏదో లాగింది,” అంది లోకేశ్వరి. “సిస్టర్, చూడ్డానికి వచ్చినవాళ్ళు పోయినాక రోగిని మీరు కదిలించినారా?”

“పక్కకు తిప్పినా మేడమ్. వీపు పుండ్లు పడకుండా రోజూ తిప్పాల. తిప్పతా ఉంటే గొట్టం కడ్డీకి తగులుకున్నట్టు అనిపించింది. సరిచేద్దామనుకునే లోపల కింద నుంచి ఫోనొచ్చింది, అందరూ రండని...” పంకజాక్షి మంచం కడ్డీ వైపు తిరిగింది. తాయెత్తు కడ్డీకి ఇరుక్కుని దారం బిగిసిన ఆ క్షణం ఆమె కళ్ళముందు ఇప్పుడే మొదటిసారి కనబడుతున్నట్టుంది.

మునిశేఖర్ వచ్చేసరికి బిగిసి ఉంది. కత్తిరించాడు. అప్పటికే ఆలస్యమైంది. దారాన్ని జేబులో వేసుకుని, నోరు మూసుకున్నాడు.

“నేను మొదటి నుంచి చెప్తూనే ఉన్నాను, మా ఆసుపత్రి తప్పేమీ లేదని,” అన్నాడు డాక్టర్ వరదరాజులు, గుండెల నిండా గాలి పీల్చుకుని. “పాపం, ఆ తల్లి తెలియనితనం. ఏం చేస్తాం.”

లోకేశ్వరి మెల్లగా తిరిగింది. “తల్లి కట్టిందని నేను అనలేదే డాక్టర్ గారూ?”

“ఇంకెవరు కడతారండీ? లోపలికి వచ్చేది ఆమె ఒక్కతే.”

“చెల్లెలు రాదా? నాయన రాడా?”

“వస్తారనుకోండి... ఇట్లాంటివి తల్లులే కదా చేసేది.” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

మునిప్రసాద్‌కు ఆ సందేహాలతో పని లేదు. అతని ముఖంలో అప్పటికే కొత్త కేసు తయారైపోయింది. “సరే. టెక్నీషియన్ పోతే పోనీ. తల్లిని తీసకొస్తా. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినట్టు. దారం ఉండాది, గొట్టం ఉండాది. మీరే అన్నీ చేతికిచ్చినారు లోకేశ్వరి గారూ, చాలా థ్యాంక్స్.”

కత్తిపోటు లాంటి మాట. నిర్దోషిని బయటికి లాగడానికి తాను తెరిచిన తలుపులోనే ఇంకొకరిని తోస్తున్నాడు. అదీ కడుపు కాలి కూర్చున్న ఓ తల్లిని.

“మునిప్రసాద్ గారూ, గాలి ఆగినా మనిషి వెంటనే పోడు. గంట మోగుంటే ఎవరో ఒకరు పరిగెత్తుకు వచ్చేవాళ్ళు. ముడి విప్పేవాళ్ళు. ఆ గంట ఏమైంది?”

“మానిటర్లన్నీ బాగానే పనిచేస్తున్నాయి,” అన్నాడు డాక్టరు వెంటనే.

పొద్దున తలుపు బయట తాను నొక్కిన బెల్లు, లోపల మోగని ఇల్లు లోకేశ్వరికి గుర్తొచ్చాయి. చింతపండు గిన్నెలో ఆగిపోయిన అత్త చెయ్యి గుర్తొచ్చింది. చెడగొట్టాలని కాదు, చప్పుడు భరించలేక. లేచినాక వేద్దామనుకుని.

మంచం తలవైపు గోడకున్న మానిటరు దగ్గరికి వెళ్ళింది. మొన్నటి నుంచి ఎవరూ ఆపలేదు దాన్ని. మనిషి లేడు గనక గీతలన్నీ బారుగా సాగుతున్నాయి. ఆ లెక్కన అది ఈపాటికి ఊరంతా వినబడేలా మోగుతుండాలి. తెర మీద పై మూలన గంట బొమ్మ ఉంది. దాని మీద అడ్డంగా ఎర్రటి గీత.

“సిస్టర్, ఈ గంటను ఎవరు ఆపినారు?”

పంకజాక్షి డాక్టరు వైపు చూసింది. చూసిన చూపు మళ్ళీ వెనక్కు తీసుకుంది. “చూసేదానికి వచ్చినవాళ్ళు భయపడతారని... ఆ కొంచెం సేపు ఆపతాం మేడమ్. వాళ్ళు పోయినాక మళ్ళా వేస్తాం. మొన్న... అందరం కిందికి ఉరికినాం.”

“ఆపమని చెప్పింది ఎవరు?”

“అట్లా ఎవరూ చెప్పలేదు,” డాక్టరే జవాబిచ్చాడు. “అట్లాంటి రూలు మా దగ్గర లేదు. కావాలంటే రాతపూర్వకంగా ఇస్తాను.”

“ఎవరూ చెప్పకుండా మేమెట్ల ఆపతాం సార్?” అంది పంకజాక్షి, గాలితో చెబుతున్నట్టు. డాక్టరు ఒక్క చూపు చూశాడు. ఆమె సీసాలో నీళ్ళు పారబోయడానికి వెళ్ళిపోయింది.

“విన్నారు గదా,” అన్నాడు మునిప్రసాద్ టోపీ పెట్టుకుంటూ. “పెద్ద డాక్టరు మాట ఒగపక్క, నర్సు గొణుగుడు ఒగపక్క. కోర్టు దేన్ని నమ్ముతాది? ఆ తల్లిని తెచ్చేదానికి రేణిగుంటకు పోతా ఉండా.”

“వాళ్ళింట్లో మూడు దినాలు పొయ్యి వెలిగించరు సార్. కనీసం పక్కింటోళ్ళు పంపే అన్నం తిననీండి.”

“తిన్నాకే తీసకొస్తాలే.”

లోకేశ్వరి జీపు అతని జీపు కంటే ముందు గేటు దాటింది. దారిలో ఆమె ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉంది, ఒక్క వాక్యం కూడా కుదరలేదు. ‘నీ కొడుకు ప్రాణం నీ చేతి దారంతోనే పోయిందమ్మా’ అన్న మాటను మెత్తగా చెప్పే తీరు ఏ భాషలోనూ లేదు. మునిశేఖర్ ఎందుకు గోడవైపు తిరిగి కూర్చున్నాడో ఆమెకు ఇప్పుడు పూర్తిగా అర్థమైంది.

రేణిగుంటలో ఆఫ్తాబ్ తండ్రి అజ్మతుల్లాది పరుపుల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. దుకాణంలో సగం కుట్టిన పరుపు ఒకటి పరిచి ఉంది. అజ్మతుల్లా దాని పక్కన ఊరికే కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే లేచి, కుర్చీ తుడిచి వేశాడు.

“పిల్లోడు ఇంటికొస్తే గట్టి మంచం మీద పండుకోలేడు గదా మేడమ్. అందుకని మంచి దూది ఏరి మొదలుపెట్టినా. ఇంగ నాలుగు వరసలు ఉండాయి.” పూర్తి చేయాలో వద్దో ఎవరైనా చెబుతారేమో అన్నట్టు చూశాడు.

లోకేశ్వరి వంగి పరుపు మీద చెయ్యి వేసింది. దూది కదలకుండా అడుగడుగునా లోతుగా దిగిన ముడులు. మైనం పట్టిన తెల్లదారం. జేబులో ఉన్న రుమాలు ఒక్కసారిగా బరువెక్కింది.

“ఈ ముడి ఎట్లా వేస్తారు?”

“మా ఇంట్లో ఆడోళ్ళు వేస్తారు. ఆయిషా చెయ్యి పడితే ఇంగ చూడాల్సిన పని లేదు. లాగే కొద్దీ బిగుస్తాదే గానీ జారదు. మనిషి నిద్దర్లో ఎంత పొర్లినా ఊడదు. ముప్పై ఏండ్లుగా అదే ముడి. ఇప్పుడు జడకు రిబ్బను కట్టమన్నా ఆమెకు అదే ముడి వస్తాది,” అన్నాడు అజ్మతుల్లా. చెబుతుంటే అలవాటైన గర్వం గొంతులోకి వచ్చింది, వెంటనే చచ్చిపోయింది.

లోపల నుంచి కూతురు నౌరీన్ పిలిచింది. పక్కింటివాళ్ళు అన్నం, దాల్చా పంపారు. చావింటికి వచ్చిన మనిషిని తినకుండా పంపరు గనక లోకేశ్వరికి కూడా చాప మీద చోటు చూపించారు. ఆమె టోపీ తీసి పక్కన పెట్టి, నౌరీన్ పక్కన కూర్చుంది. ఎదురుగా ఆయిషా బీ. సన్నటి మనిషి. కుడిచేతి చూపుడు వేలి మీద దారం కోసిన పాత గీతలు. పళ్ళెంలో అన్నం కలిపింది గానీ ముద్ద ఎత్తలేదు.

“ఆ పిల్లోడు ఏమైనాడు మేడమ్?” అని అడిగింది.

“ఏ పిల్లోడు?”

“మిషిను పిల్లోడు. మునిశేఖరు. తిన్నాడా?”

లోకేశ్వరి ఎత్తిన ముద్దను పళ్ళెంలో పెట్టేసింది. “భార్య క్యారియరు తెచ్చింది. తినలేదనుకుంటా.”

“తినడు,” అంది ఆయిషా బీ. “వాడే నాకు నేర్పించినాడు. నల్లగా వస్తాది, ఎర్రగా పోతాది, అది సూసుకో అమ్మా, అంతే సాలు అని. మొన్న నేను సంచి మర్సిపోయి మళ్ళా పైకి పోయినా. అద్దంలో నుంచి సూస్తే రెండూ నల్లగానే ఉండాయి. రెండు గొట్టాలూ. అరిసినా. ఎవరూ లేరు. అప్పుడే వాడు ఉరుక్కుంటా వచ్చినాడు.”

అజ్మతుల్లా తలెత్తాడు. ఈ మాట అతను ఇదే మొదటిసారి వింటున్నాడు.

“కత్తెర తీసుకోని నా దారం కత్తిరించినాడు. గాలికి, నా బిడ్డకు మధ్యలో నా దారం ఉండాది. కత్తిరించినాక తిరిగి సూసినాడు, అద్దం బయట నేను. గుప్పిట మూసుకున్నాడు మేడమ్. నాకు కనపడకూడదని గుప్పిట మూసుకుని జేబులో పెట్టుకున్నాడు.”

నౌరీన్ “అమ్మీ” అంటూ ఆమె భుజం పట్టుకుంది. ఆమె కదలలేదు.

లోకేశ్వరి ఏ మాట చెప్పడానికి వచ్చిందో, ఆ మాటను ఆ తల్లి రెండు రోజులుగా ఒంటరిగా మోస్తూ ఉంది.

“తావీజు గొట్టానికి కట్టాలని మీకు ఎందుకు అనిపించిందమ్మా?” అని మెత్తగా అడిగింది.

“నాకు అనిపించలా. చేతికే కడదామని పోయినా. పెద్ద డాక్టరు ఆడనే ఉండాడు. చెయ్యి వాచుండాది, చేతికొద్దమ్మా, కావాలంటే ఆ గాలి గొట్టానికి కట్టుకో, దానికేం గాదులే అన్నాడు. నవ్వతా అన్నాడు. మంచిగానే అన్నాడు. అప్పుడు గంట కుయ్యి కుయ్యిమని మోగతా ఉంటే నాకు చేతులు వణికినాయి. భయపడొద్దని ఆయనే చెయ్యి చాపి ఆ గంట ఆపినాడు.”

లోకేశ్వరి పళ్ళెంలో చెయ్యి ఆగిపోయింది. ‘ఆ తల్లి తెలియనితనం’ అన్నాడు వరదరాజులు. కట్టింది ఎవరో ఆయనకు తెలుసు. ఎక్కడ కట్టాలో చెప్పింది ఆయన, గంట ఆపింది ఆయన. తర్వాత అందరూ కిందికి ఉరికినప్పుడు దాన్ని మళ్ళీ వెయ్యకుండా వదిలేసిందీ ఆయనే. దానికి సాక్షి ఈ లోకంలో ఈమె ఒక్కతే. ఆ సాక్ష్యం చెప్పాలంటే ముందు ఆ ముడి తనదేనని పదిమందిలో ఒప్పుకోవాలి. ఒప్పుకున్న మరుక్షణం మునిప్రసాద్ చేతికి చిక్కుతుంది.

బయట జీపు ఆగిన చప్పుడు. తర్వాత తలుపు బెల్లు మోగింది. నౌరీన్ లేవబోయింది.

“మోగనీ బిడ్డా,” అంది ఆయిషా బీ. “కూర్చో. అన్నం ముందు నుంచి లేయొద్దు.”

బెల్లు మళ్ళీ మోగింది. ఆమె భర్త వైపు చూసింది. మొన్నటి నుంచి ఆయన కళ్ళలోకి చూడలేదేమో, చూడటానికి కొంచెం సేపు పట్టింది.

“ఇంతవరకూ నోరు మూసుకున్నది మీకు ఎట్లా చెప్పాలో తెలీక. జైలుకు భయపడి కాదు. ఇప్పుడు చెప్పేసినా. ఇంగ దేనికీ భయం లేదు. సాయంత్రం ఆ పిల్లోడిని కోర్టుకు తెస్తారంట గదా. నేనూ పోతా. జడ్జి ముందర నిలబడి చెప్తా. ముడి నాది. గంట మాత్రం నాది కాదు. ఎవరిది వాళ్ళు ఒప్పుకోవాల. ఆ పిల్లోడిది ఏదీ లేదు, వాడిని పంపేయండి.”

“అమ్మా, మీ మీద కూడా కేసు పెడతారు,” అంది లోకేశ్వరి. చెప్పాల్సిన ధర్మం గనక చెప్పింది.

“పెట్టనీ మేడమ్. నా బిడ్డ లేడు. ఇంకొకరి బిడ్డను కూడా నేనే పోగొట్టాల్నా?”

బెల్లు ఈసారి ఆపకుండా మోగుతోంది. అజ్మతుల్లా తన పళ్ళెం పక్కకు జరిపాడు. లోకేశ్వరి అతని ముఖం చూడలేకపోయింది. అతను ఇప్పుడు లేచి వెళ్ళిపోతాడేమో, అరుస్తాడేమో, ఆ ముప్పై ఏళ్ళ కాపురం ఈ చాప మీదే తెగిపోతుందేమో అనుకుంది.

అజ్మతుల్లా చెయ్యి చాపి భార్య పళ్ళెంలోని ముద్ద తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“తిను. ఆడ ఎంతసేపు నిలబెడతారో ఏమో,” అన్నాడు. తర్వాత లోకేశ్వరి వైపు తిరిగాడు. “నేనూ వస్తా మేడమ్. ఆ దారానికి మైనం పట్టించింది నేను. అది కూడా రాసుకోండి.”